మీటరు వంటింట్లోకి కూడా రావాలి

మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే కాఫీకని పాలు పొయ్యి మీద పెడితే విరిగిపోయాయి. ప్యాకెట్టు మంచిది కాదేమో అనుకుని రెండోది పెట్టాను. అదీ విరిగింది. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల లైటు వెలగలేదు. ముందురోజు రుబ్బి పెట్టుకున్న దోసెల పిండి పొంగి, గిన్నె దిగి, కింద కూరగాయల డబ్బా దాకా పాకింది.

కరెంటు పోలేదండీ. మా వారు ప్లగ్గు పీకారు. రాత్రి పదకొండింటికి ఆయన తన పాటల గదిలో ‘నాయిస్ ఫ్లోర్’ కొలిచారట. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైనప్పుడల్లా అంకె రెండు డెసిబెల్స్ పెరుగుతోందట. పీకారు, కొలిచారు, నోట్ బుక్కులో రాసుకున్నారు, హాయిగా పడుకున్నారు. తిరిగి పెట్టడం మర్చిపోయారు.

“నాయిస్ ఫ్లోర్ అంటే ఏంటసలు?” అని అడిగాను, పిండి తుడుస్తూ.

“మనం ఏ చప్పుడూ చెయ్యకపోయినా గదిలో మిగిలి ఉండే చప్పుడు” అన్నారు.

పాలు విరిగిన కోపం తగ్గలేదు గానీ, ఆ మాట నాకు బాగా పట్టుకుంది. అంటే మన ఇంట్లో ప్రతి గదిలోనూ అలాంటి చప్పుడొకటి ఉంటుంది కదా? మరి దాన్ని ఆయన గదిలోనే ఎందుకు కొలుస్తున్నారు? ఆయన గదిలోనే ఎందుకు తగ్గిస్తున్నారు? ఈ రోజు నా గొడవంతా దీని మీదే.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. మా అబ్బాయి బెంగుళూరు ఉద్యోగానికి వెళ్ళాక మా మూడో బెడ్రూమ్ ఖాళీ అయింది. మా వారికి చిన్నప్పటినుంచీ పాటల పిచ్చి. ఘంటసాల, బాలమురళి, ఇళయరాజా, ఎవరినీ వదలరు. రిటైరయ్యే లోపు ఒక మంచి సిస్టమ్ పెట్టుకోవాలని ఆయన కోరిక. పెట్టుకున్నారు. రెండు స్పీకర్లు, వాటికి ఎదురుగా ఒక కుర్చీ. స్పీకర్ల మధ్య ఎంత దూరమో కుర్చీకీ అంతే దూరం ఉండాలని టేపు పెట్టి కొలిచారు. కిటికీకి దళసరి తెర, కింద తివాచీ, వెనక గోడకి నిండుగా పుస్తకాల అల్మారా. నాకేం అభ్యంతరం లేదు. ముప్పై ఏళ్ళు ఇంటి కోసం కష్టపడ్డ మనిషి ఒక గది కావాలంటే కాదనే మనిషిని కాను.

తర్వాత మీటరు వచ్చింది. టీవీ రిమోటంత ఉంటుంది, కొసన చిన్న మైకు. దాంతో పాటు ఇంకో మైకు, లాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. అది స్పీకర్లోంచి ‘ఊఁఁఁ’ అని అడుగు స్వరంలో మొదలై ‘కీఁఁ’ అని చెవులు చిల్లులు పడేదాకా పోయే కూత ఒకటి కూస్తుంది. ఆ కూత గదిలో ఎక్కడెక్కడ తగిలి ఎంత సేపటికి చల్లారుతుందో మైకు విని లెక్క కడుతుంది. ఆ కూత కూసే ఇరవై సెకన్లూ ఇంట్లో ఎవరూ కదలకూడదు. కుక్కరు కట్టెయ్యాలి. ఫ్యాన్లు ఆపాలి. కొళాయి తిప్పకూడదు. ఒకసారి నా చేతిలోంచి గరిట జారి పడింది. “అబ్బా, మళ్ళీ మొదట్నుంచీ!” అని లోపల్నుంచి కేక. నా ఇంట్లో నేను మునివేళ్ళ మీద నడిచాను. ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా మిక్సీ వెయ్యకూడదని రూలు. ఎనిమిది నెలలు ఆ రూలు పాటించాను, ఒక్క మాట అనకుండా.

డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. 60కి ఇంకో 60 కలిపితే 120 రాదు, 63 వస్తుంది. అంటే ఒకేలాంటి రెండు మిక్సీలు పక్కపక్కన తిరిగితే చప్పుడు శక్తి రెట్టింపయినా మీటరు మీద పెరిగేది మూడే. పది పెరిగితే శక్తి పది రెట్లు. చెవికి మాత్రం దాదాపు రెండింతలు గట్టిగా అనిపిస్తుంది. ఆయన గదిలో అన్నీ ఆపితే 34. ఫ్యాను మూడు మీద పెడితే 46. పన్నెండే కదా తేడా అనుకుంటాం. శక్తిలో అది పదహారు రెట్లు. ఆ తేడా కోసమే మే నెలలో ఫ్యాను ఆపుకుని చెమటలు కక్కుతూ కూర్చుంటారు. పాటలో తంబూరా మెల్లగా ఆగిపోయే చివరి క్షణం వినబడాలంటే అంత నిశ్శబ్దం కావాలి మరి. అది ఆయన చెప్తే నమ్మలేదు, ఒకరోజు కూర్చోబెట్టి వినిపించారు. నిజమే.

పాలు విరిగిన మర్నాడు, సోమవారం, ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఆ మీటరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. నేను నిలబడే చోట, నా చెవి పక్కన పట్టుకున్నాను. అమ్మాయి కాలేజీకి సెలవు, నోట్ బుక్కులో అది రాసింది.

చిమ్నీ పెద్ద స్పీడు మీద 66. కొళాయి నీళ్ళు స్టీలు సింకులో పడుతుంటే 70. తాలింపు వేసినప్పుడు 72. కుక్కరు విజిల్ 84. కొబ్బరి పచ్చడి చేస్తూ మిక్సీ తిప్పితే 91. స్టీలు పళ్ళెం గ్రానైటు మీద పడితే అంకె కళ్ళకి ఆనేలోపే 100 దాటి దిగింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మిక్సీ నన్ను చెవిటిదాన్ని చేస్తోందని నేననను. కార్మికుల చెవుల రక్షణ కోసం అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టిన హద్దు రోజుకి ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్. ప్రతి మూడు పెరిగితే టైము సగం: 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు గంటలు. నా మిక్సీ రోజుకి పది నిమిషాలు కూడా తిరగదు. ఆ లెక్కన భయం లేదు. హోటల్ వంటిళ్ళలో, పచ్చళ్ళ తయారీలో రోజంతా గ్రైండర్ల మధ్య నిలబడే ఆడవాళ్ళకి మాత్రం ఉంది.

నన్ను ఆపేసింది 91 కాదండీ. ఆ 66.

ఒక మనిషి మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో దాదాపు 60 ఉంటుంది. హాల్లోంచి ఎవరైనా నన్ను పిలిస్తే అది వంటింట్లో నా చెవి దగ్గరికొచ్చేసరికి 50 దాకా పడిపోతుంది. నా చుట్టూ 66. ఇక ఎలా వినబడుతుంది? ఈ ఫ్లాటుకొచ్చి పద్నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళుగా “ఎన్నిసార్లు పిలవాలి నిన్ను?”, “ఏ లోకంలో ఉంటావ్?”, “అమ్మకి పరధ్యానం ఎక్కువ” అనే మాటలు పడుతూనే ఉన్నాను. నేనూ నమ్మేశాను నాకు పరధ్యానమని. కాగితం మీద అంకెలు పక్కపక్కన చూసుకునేసరికి ఒళ్ళు మండింది. నాకు పరధ్యానం లేదు. నా తల మీద చిమ్నీ ఉంది!

అమ్మాయి అంది, “అమ్మా, హాల్లో కూడా కొలుద్దామా? నానమ్మ కుర్చీ దగ్గర?”

నాకు తట్టలేదు. దానికి తట్టింది.

మా అత్తగారికి 81. ఆవిడ కుర్చీ హాల్లో, సరిగ్గా ఫ్యాను కింద, ఓపెన్ కిచెన్‌కి ఎదురుగా ఉంటుంది. గాలి బాగా తగులుతుందని, అందరూ కనబడతారని మేమే వేశాం. ఆవిడ తల ఆనించే చోట మీటరు పెట్టాం. ఫ్యాను అయిదు మీద, వంటింట్లో చిమ్నీ, టీవీ మామూలు సౌండు: 61. టీవీ ఆపితే 58. మాటలు హాయిగా వినబడాలంటే ఇంట్లో వెనక చప్పుడు 35 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రాత్రి పడకగదిలో అయితే 30. మన దేశంలో ఇళ్ళుండే ప్రాంతంలో వీధిలో పగలు 55, రాత్రి 45 దాటకూడదని 2000లో వచ్చిన రూల్సు ఉన్నాయి. అంటే మా వీధిలో ఉండాల్సినదానికన్నా ఎక్కువ చప్పుడు మా అత్తగారి తల చుట్టూ ఉంది, అదీ మా ఇంట్లో, మేము ప్రేమగా వేసిన కుర్చీలో.

తర్వాత అమ్మాయి వాళ్ళ నాన్న లాప్‌టాప్ తెచ్చి ఆ కూతే హాల్లో కూయించింది. చప్పుడు ఆగిపోయాక అది 60 డెసిబెల్స్ తగ్గడానికి ఎంత సేపు పడుతుందో చూసే లెక్క అది. ఆయన గదిలో 0.45 సెకను. హాల్లో 1.7 సెకన్లు. మీటరు లేకపోయినా మీరే చూసుకోవచ్చు. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. ‘టప్’ అని ఆగిపోతే మంచి గది. ‘టప్..ఝణ్’ అని గోడల మధ్య ఊగుతూ పోతే మా హాలు లాంటిదే మీదీను.

ఈ 1.7 సెకన్లు ఏం చేస్తాయంటే, నేను “షుగరు” అంటే ‘షు’ ఇంకా గోడలకి తగిలి తిరుగుతుండగానే ‘గ’ వచ్చి మీద పడుతుంది, దాని మీద ‘రు’. కుర్రచెవులు ఆ కలగాపులగంలోంచి మాట ఏరుకుంటాయి. వయసు చెవులు ఏరుకోలేవు. వయసుతో ముందు పోయేది సన్నని స్వరాలు. స, శ, త, క, ప లాంటి హల్లుల గుర్తంతా ఆ సన్నని భాగంలోనే ఉంటుంది. అచ్చులు బాగానే వినబడతాయి. అందుకే వాళ్ళకి ‘పాలు’, ‘కాలు’, ‘చాలు’ అన్నీ ఒకటే: ‘ఆలు’. మనం అరిస్తే పెరిగేది అచ్చే. హల్లు అలాగే ఉండిపోతుంది. పైగా అరుపు గోడలకి ఇంకా గట్టిగా తగులుతుంది. “అరుస్తావెందుకే, వినబడుతోంది, అర్థం కావట్లేదు” అని ఆవిడ అనేవారు. అది చాదస్తమనుకున్నాం. అక్షరాలా నిజం చెప్పారు ఆవిడ.

రెండేళ్ళ క్రితం మా ఆడపడుచు కూతురికి సంబంధం మాట్లాడ్డానికి అబ్బాయి తరఫువాళ్ళు మా ఇంటికే వచ్చారు. హాల్లో పద్నాలుగు మంది. ఫ్యాన్లు, ఏసీ, వంటింట్లో బజ్జీలు, అందరూ ఒకేసారి మాటలు. పెళ్ళికొడుకు తండ్రి మర్యాదగా స్వీట్ల పళ్ళెం ఆవిడ ముందు పెట్టి, “అమ్మా, మీకు షుగరుందా?” అని అడిగారు. ఆవిడ ఆయన మొహంలోకి చూసి, “ముగ్గురండీ. ఒకత్తి చిన్నప్పుడే పోయింది” అన్నారు.

‘కూతురుందా’ అని విన్నారు ఆవిడ. హాలు హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పోయిన పిల్ల ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయిందని, ఆ పేరు ఆవిడ ఎప్పుడూ ఎత్తరని నాకు తెలుసు. తెలిసీ నవ్వాను. ఆ రోజు నుంచి ఇంటికెవరొచ్చినా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోతారు. “నడుం నొప్పి” అంటారు.

తర్వాత డాక్టరుకి చూపించాం. చెవి మిషను కొన్నాం, ఖరీదైనదే. వారం పెట్టుకుని తీసి బీరువాలో పెట్టేశారు. “గాలివానలో కూర్చున్నట్టుంది” అన్నారు. “అంత డబ్బు పోసి కొంటే పెట్టుకోదు” అని అందరం విసుక్కున్నాం. మిషను మాటతో పాటు ఫ్యానునీ చిమ్నీనీ గోడల మోతనీ కూడా ఎంతో కొంత పెంచుతుంది. మేము ఆవిడ చెవిని బాగుచెయ్యాలని చూశాం, హాలు జోలికి పోలేదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను.

ఒకే ఇంట్లో, ఒకే మీటరుతో, ఒక గదిలో తంబూరా చివరి తీగ కోసం ఫ్రిజ్ ప్లగ్గు పీకుతారు. పాతిక అడుగుల దూరంలో ఒక తల్లికి కొడుకు మాట వినబడటం లేదు. అది మాత్రం ఆవిడ వయసు తప్పు. మా వారు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళమ్మంటే ప్రాణం. నోట్ బుక్కు ముందు పెట్టి అడిగితే, చాలాసేపు చూసి, “అక్కడ కొలవాలని తట్టలేదు” అన్నారు. నా గొడవ ఆ ‘తట్టలేదు’తోనే. నిశ్శబ్దం అనేది పాటకి, పరీక్షలకి, మగవాళ్ళ నిద్రకి కావలసిన వస్తువని మనకి ఎక్కడో స్థిరపడిపోయింది. వంటకి, ముసలితనానికి, ఆడవాళ్ళ మాటకి అది అక్కర్లేదు. అక్కడ చప్పుడుంటే అది సహజం. ఆ చప్పుడు చేసేవాళ్ళం కూడా మనమే కాబట్టి “కాస్త మెల్లగా చెయ్యొచ్చుగా” అని మనకే చెప్తారు. చిమ్నీని మెల్లగా తిప్పమని దాన్ని తయారుచేసినవాడికి ఎవరూ చెప్పరు.

రెండో గొడవ మన ఇళ్ళతో. ఈ ఫ్లాటు కొన్నప్పుడు ఏం చూశాం? తళతళలాడే టైల్సు, గ్రానైటు గట్టు, గాజు తలుపులు, ఓపెన్ కిచెను. అన్నీ కంటికి. గచ్చు, గోడ, కప్పు, గాజు, ఇవి చప్పుడులో నూటికి రెండో మూడో వంతులు తాగి మిగతాదంతా మన మీదకే విసిరేస్తాయి. ఓపెన్ కిచెన్ అంటే మిక్సీని హాల్లో పెట్టుకోవడమే. గృహప్రవేశానికి వచ్చిన ఒక్కరూ కళ్ళు మూసుకుని హాల్లో నిలబడి చూడలేదు.

అమెరికాలో 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో మాట అర్థం కావడం లేదని గోల పెడితే, వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ మాస్టారికి ఆ పని అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక పక్క థియేటర్లోంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి హాల్లో పరిచి, ఒక ఆర్గాన్ గొట్టం మోగించి, చప్పుడు చల్లారేదాకా స్టాప్‌వాచీతో లెక్కపెట్టేవారు. ఖాళీ హాల్లో అయిదున్నర సెకన్లు. మెత్తలు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. తెల్లారేలోపు మెత్తలన్నీ మళ్ళీ థియేటర్‌కి చేర్చాలి. ఒంటి మీద బట్టలు మారినా లెక్క మారుతోందని గ్రహించి ప్రతి రాత్రీ అవే బట్టలు వేసుకున్నారట. అంటే గదుల ధ్వని శాస్త్రం మొదలైంది దిళ్ళు, బట్టలతోనే! మనం రోజూ ఎండబెట్టి దులిపి మడతపెట్టే వస్తువులతో.

ఆయన కొలతకి పెట్టుకున్న ప్రమాణం ఇంకా బాగుంటుంది: తెరిచిన కిటికీ. కిటికీలోంచి పోయిన చప్పుడు తిరిగి రాదు కాబట్టి అది నూటికి నూరూ తాగినట్టు లెక్క. ఇది చదివినప్పుడు మా అత్తగారి పుట్టింటి మండువా లోగిలి గుర్తొచ్చింది. ఇంటి మధ్యలో ఆకాశానికి తెరిచిన అంత పెద్ద కిటికీ! రోలూ రుబ్బురోలూ పెరట్లో. మట్టి గోడలు, మంచాల మీద బొంతలు. ఆ ఇల్లు స్వర్గమని నేననను. ఆ పెరటి రోటి దగ్గర ఆడవాళ్ళ నడుములు విరిగాయి. మిక్సీ నాకు కావాలి, ఎవరడిగినా ఇవ్వను. కానీ ఆ మండువాలో ముసలివాళ్ళు ఓ మూల కూర్చుని వాదనలు చెయ్యగలిగేవాళ్ళు. ఇప్పటి హాల్లో చెయ్యలేరు.

“హాబీ అన్నాక ఒక గదుంటే తప్పేంటి, మీకసూయ” అని మా చెల్లెలు అంది. తప్పు లేదు. ఆ గదిలో ఆయన నేర్చుకున్నదాంట్లో సగం హాల్లోకి తెచ్చినా చాలన్నదే నా మాట. “వంటన్నాక చప్పుడుండదా” అంది మా అమ్మ. ఉంటుంది. కానీ వాషింగ్ మెషినుకి, ఫ్రిజ్‌కి యూరప్‌లో లేబుల్ మీద డెసిబెల్స్ రాస్తారు. నేను మిక్సీ కొనడానికి వెళ్తే షాపతను వాట్లు చెప్పాడు, జార్లు చెప్పాడు, వారంటీ చెప్పాడు. “చప్పుడెంత?” అంటే, “మేడమ్, మిక్సీ కదా!” అని నవ్వాడు. మనం అడగనంతకాలం వాళ్ళు నవ్వుతూనే ఉంటారు.

మేమేం చేశామో చెప్తాను. పెద్ద ఖర్చేం కాలేదు. మిక్సీ సింకు పక్క నుంచి యుటిలిటీ బాల్కనీలోకి వెళ్ళిపోయింది, కింద రబ్బరు మ్యాటుతో. (మడతపెట్టిన గుడ్డ వెయ్యకండి, కింద గాలి కన్నాలు మూసుకుపోయి మోటారు కాలుతుంది.) వంటింటికి జరిపే తలుపు పెట్టించాం, ఇదొక్కటే కాస్త ఖర్చు. ఫ్యాను బేరింగులు మార్పించాం. చిమ్నీ జాలీ జిడ్డు వదిలేలా కడిగితే చిన్న స్పీడే సరిపోతోంది. హాల్లో జంపఖానా, కిటికీలకి పల్చటి తెరలు తీసేసి బరువైనవి, గోడకి కాస్త ఎడంగా, ముడతలు బాగా వచ్చేలా. పెద్ద గోడకి అత్తగారే ఒకప్పుడు పాత చీరలతో కుట్టిన బొంత వేలాడదీశాం. వచ్చినవాళ్ళంతా అదేదో కళాఖండమని ఫోటో తీసుకుంటున్నారు. కోడిగుడ్ల అట్టలు అంటించమని సలహాలిస్తారు, నమ్మకండి, వాటివల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. ఇంకోటి, తెరలూ బొంతలూ గదిలోపలి మోతనే తగ్గిస్తాయి. పక్కగదిలోంచి వచ్చే చప్పుడుకి బరువైన తలుపు, దాని కింద సందు మూయడమే మందు.

అన్నిటికన్నా ముఖ్యం, కుర్చీ మార్చాం. ఫ్యాను కింద నుంచి తీసి, తెరకి వీపు ఉండేలా మూలకి. మాట్లాడాలంటే మేమే దగ్గరికెళ్ళి, ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో. భోజనాల టైములో టీవీ బంద్.

తర్వాత కొలిస్తే ఆవిడ కుర్చీ దగ్గర 58 కాస్తా 43. హాలు మోత 1.7 నుంచి 0.9. ఆయన గదికి సాటి రాదు గానీ, మాటకి చాలు. ఈసారి కొలిచింది మా వారే. కూత కూస్తున్నప్పుడు నన్ను కదలొద్దన్నారు, కదల్లేదు.

అద్భుతాలేం జరగలేదు. అత్తయ్యగారు చెవి మిషను రోజూ సాయంత్రం ఓ రెండు గంటలు పెట్టుకుంటున్నారు, అంతే. ఎవరైనా వస్తే ఇప్పటికీ లోపలికి వెళ్తారు. రెండేళ్ళ అలవాటు తెరలతో పోదు కదా. ఒకరోజు నేనే దగ్గర కూర్చుని, ఆ రోజు నవ్వినందుకు తప్పయిపోయిందని చెప్పాను. వినబడింది. మళ్ళీ చెప్పించుకోలేదు. కాసేపటికి ఆ పిల్ల పేరు చెప్పారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ పేరు నేను వినడం అదే మొదలు.

డెసిబెల్ అనే పేరులో ఉన్న ‘బెల్’, టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ పేరే. ఆయన తల్లికి సరిగ్గా వినబడేది కాదు. భార్యకి అసలే వినబడేది కాదు. ఆ మనిషి పేరున్న కొలతతో మనం ఇంట్లో స్పీకర్లని కొలుస్తున్నాం, తల్లి కుర్చీని వదిలేస్తున్నాం.

మీటరు లేకపోతే ఫోన్లో ఉచిత యాప్ వేసుకోండి. అంకె అటూ ఇటూగా ఉంటుంది, బాగా నిశ్శబ్దంగా ఉన్నచోట అసలు నమ్మలేం. కానీ ఒకే ఫోనుతో ఈ మూలకీ ఆ మూలకీ తేడా చూసుకోవడానికి చాలు. హాలు మధ్యలో కాదు, స్పీకర్ల ముందు కాదు. మీరు కూర తరిగే చోట, మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళు కూర్చునే చోట, వాళ్ళ చెవి పక్కన పెట్టి కొలవండి. అంకె రాసుకోండి. తర్వాత “మీకు వినబడదా?” అనే ముందు ఆ కాగితం ఒకసారి చూడండి.